తూర్‌వాగ్‌కు పన్నెండు నిమిషాలు

మార్చి రెండో మంగళవారం మధ్యాహ్నం 2.50కి తూర్‌వాగ్ రేవులోని మరమ్మతు షెడ్డులో ఈవార్ తైలె చనిపోయి ఉన్నాడు. వయసు అరవై ఒకటి. పడవల ఇంజన్లు బాగుచేయడం అతని పని. తల వెనక ఒకే దెబ్బ. పక్కనే పైపు రెంచి. దాని పిడిని ఎవరో తుడిచారు. శవాన్ని చూసి పోలీసులకు ఫోన్ చేసిన మనిషి రేవు పర్యవేక్షకుడు రైదార్ హౌగ్‌లీ.

గురువారం 2.15కి పోలీసు అధికారి రాగ్ని ఇంగిలె తూర్‌వాగ్ చేరింది. ఆమె పనిచేసే హావ్‌నెస్ నుంచి ఇక్కడికి గాలిలో యాభై రెండు కిలోమీటర్లు. విమానంలో పన్నెండు నిమిషాలు. ఉదయం విమానంలో సీట్లన్నీ ఆస్పత్రికి వెళ్ళే రోగులకు పోయాయి. అందుకని రోడ్డున వచ్చింది. రోడ్డు నూట అరవై ఎనిమిది కిలోమీటర్లు. పీఠభూమి మీద మంచు తీసే బండి వెనక పదకొండు కార్లు వరసగా నడిచాయి. నాలుగు గంటల ఇరవై నిమిషాలు పట్టింది.

జిల్లా కేంద్రం నుంచి వచ్చిన డిటెక్టివ్ స్టెయినార్ ఫోస్మో బుధవారమే విమానంలో దిగాడు. పంచాయతీ కార్యాలయంలో ఒక గది తీసుకున్నాడు. రాగ్ని లోపలికి వచ్చేసరికి రిమాండ్ కాగితం ముసాయిదా బల్ల మీద ఉంది.

"బాగా తీరిగ్గా వచ్చావే," అన్నాడు. "కేసు అయిపోయింది. కాఫీ మిగిలింది, తాగు."

"ఎవరు?"

"బావగారు. ఆస్మున్ మిక్కోలా. చనిపోయినవాడి చెల్లెలి భర్త. నాలుగేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. ఈవార్ బాగుచేసిన ఇంజన్ నడిసముద్రంలో ఆగిపోయి, తిప్పబోతే బెల్టులో పడి ఆస్మున్ రెండు వేళ్ళు పోయాయి. ఊరంతా తెలిసిన గొడవే. నువ్వే మొదట తెలుసుకుని ఉండాల్సింది. మీ ఉత్తరాదోళ్ళు కదా."

"మీ దక్షిణాదోళ్ళకి చెప్పినంత తొందరగా మాకు చెప్పరు. ఏముంది నీ దగ్గర?"

ఫోస్మో కాగితం తిప్పి చూపించాడు. ఈవార్ ఫోన్ వివరాలు. 2.18 నుంచి 2.21 వరకు విమాన టికెట్లు ఇచ్చే నంబరుతో మాట్లాడాడు. 2.36కి సుల్‌ఫ్యోర్డ్ ఆస్పత్రి వార్డు నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. షెడ్డు ఎదురింటి బోర్గిల్డ్ ఓల్సెన్ సాక్ష్యం: హావ్‌నెస్ విమానం దిగినప్పుడు ఆస్మున్ షెడ్డులోకి వెళ్ళాడు, అదే విమానం తిరిగి లేచినప్పుడు బయటికి వచ్చాడు. టైంటేబుల్ ప్రకారం దిగేది 2.24కి, లేచేది 2.31కి.

"రెండూ ఇరవై ఒకటికి బతికున్నాడు. రెండూ ఇరవై నాలుగుకి వీడు లోపలికెళ్ళాడు. రెండూ ముప్పై ఆరుకి ఫోన్ ఎత్తలేదు," అన్నాడు ఫోస్మో. "మధ్యలో ఇంకెవరూ లేరు. ఐదు గంటలకి ప్రాసిక్యూటర్ సంతకం వస్తుంది. ఆరుంబావు విమానంలో పడమటికి తీసుకెళ్తాను. నాలుగు వారాల రిమాండ్."

"విమానం నిజంగా ఆ టైముకే దిగిందా?"

"కంపెనీకి ఫోన్ చేశాను. మంగళవారం ఆలస్యమేమీ లేదు అన్నారు. అంత మాత్రం నాకూ తెలుసు రాగ్ని."

*

2.40కి ఆస్మున్‌ను కూర్చోబెట్టారు. అరవై మూడేళ్ళ మనిషి. ఎడమ చేతికి చివరి రెండు వేళ్ళు లేవు. తెచ్చిచ్చిన వాఫుల్ రొట్టె ముట్టుకోలేదు. ఫోస్మో వైపు చూడకుండా రాగ్నితోనే మాట్లాడాడు.

"నువ్వు ఇంగిలె వాళ్ళ అమ్మాయివి కదూ? మీ నాన్న, నేనూ ఒక సీజను ఒకే పడవ మీద చేశాం."

"ఔను. మంగళవారం షెడ్డుకి ఎందుకెళ్ళారు?"

"గున్‌వోర్ పంపింది, మా ఆవిడ. ఆస్పత్రిలో ఉంది. మూడు వారాలైంది. అన్నని చూడాలంది. నువ్వెళ్ళి అడుగు, ఫోన్లో కాదు, ఎదురుగా నిలబడి అడుగు అంది. వెళ్ళాను."

"ఆయనేమన్నారు?"

"ముందు ఏం అనలేదు. చేతిలో ఉన్న బోల్టు తుడుస్తానే ఉన్నాడు. తర్వాత నా చెయ్యి చూశాడు. చలికి నొప్పెడుతుందా అనడిగాడు. పెడుతుంది అన్నాను. గురువారం విమానానికి వస్తాను, ఇద్దరం కలిసి పోదాం, టికెట్ ఇప్పుడే తీస్తాను అన్నాడు. నేను వచ్చేశాను."

ఫోస్మో కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "టికెట్ తీశాడు. నిజమే. ఇవాళ ఐదూ నలభై విమానానికి, సుల్‌ఫ్యోర్డ్‌కి. ఎప్పుడు తీశాడో తెలుసా? రెండూ ఇరవై ఒకటికి ఫోన్ పెట్టేశాడు. మీరు లోపలికెళ్ళింది రెండూ ఇరవై నాలుగుకి. మీరు చెప్పకముందే ఆయన టికెట్ తీసుకున్నాడు. చెల్లెలి సంగతి ఆయనకి ముందే తెలుసు. మీరు వెళ్ళింది వేరే పని మీద."

"నేను చెప్పాకే తీశాడు."

"టైము కుదరట్లేదు."

"మీ టైము సంగతి నాకు తెలీదు. నాకు వాచీ లేదు."

"అబద్ధం ఆడేవాడు కనీసం వాచీ అయినా పెట్టుకోవాలి."

ఆస్మున్ రాగ్ని వైపు తిరిగాడు. "పొద్దున డాక్టరు ఫోన్ చేసింది. రేపటిదాకా ఆగొద్దు, ఇవాళే రండి అంది. ఐదూ నలభైకి విమానం. సుల్‌ఫ్యోర్డ్‌కి ఇవాళ అదే ఆఖరు. మీరు ఏం చేసుకుంటారో చేసుకోండి, రేపు తిరిగొచ్చి ఇదే కుర్చీలో కూర్చుంటాను. ఇవాళ మాత్రం పంపించు."

"అది నా చేతిలో లేదు," అంది రాగ్ని.

"ఎవరి చేతిలో ఉంది?"

ఫోస్మో ఫైలు మూసేశాడు.

*

షెడ్డుకి 3.25కి వెళ్ళింది. తాళం ఫోస్మో దగ్గర తీసుకుంది. తొమ్మిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు. ఒకే తలుపు, రోడ్డు వైపు. కిటికీ ఒకటి, సముద్రం వైపు, లోపల్నుంచి బిగించి ఉంది. బల్ల మీద విప్పిన ఇంధన పంపు. రెండు కప్పులు. ఒకదానిలో అడుగున కాఫీ ఎండిపోయింది. రెండోదాన్ని ఎవరూ వాడలేదు.

తలుపు పక్కన ఒక అట్టపెట్టె. విప్పలేదు. పంపుకి కావలసిన రబ్బరు సీళ్ళు, విమానంలో వచ్చాయి. రైదార్ హౌగ్‌లీ వాంగ్మూలంలో ఇది ఉంది: విమానం దిగగానే విమానాశ్రయంలో పెట్టె తీసుకున్నాను, దారిలో దుకాణం దగ్గర ఆగాను, 2.50కి ఈవార్‌కి ఇద్దామని తెచ్చాను, చనిపోయి కనిపించాడు.

పెట్టె మీద అంటించిన చీటీలో పంపినవారి పేరు, బరువు ఉన్నాయి. ఒక మూల పెన్సిలుతో 2.10 అని రాసి ఉంది. చీటీ కింది సగం చింపేశారు. అది రసీదు. తీసుకున్నవాళ్ళ సంతకంతో విమానాశ్రయంలో ఉండిపోతుంది.

రాగ్ని ఫోస్మోకి ఫోన్ చేసింది. "పెట్టె మీద రెండూ పది అని రాసుంది. చూశావా?"

"చూశాను. బరువు."

"బరువు కిలోన్నర. పక్కనే అచ్చులో ఉంది."

"అయితే సామాను నంబరేదో అయ్యుంటుంది. పెట్టెల మీద రాతలు చదవడానికా నాలుగున్నర గంటలు కార్లో వచ్చావు?"

"నాలుగూ ఇరవై," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

*

ఎదురింట్లో బోర్గిల్డ్ ఓల్సెన్ తలుపు తీసి, బూట్లు విప్పమని చెప్పి, అడగకుండానే కాఫీ పోసింది. ఎనభై ఒక్కేళ్ళు. వంటింటి కిటికీలోంచి షెడ్డు తలుపు కనిపిస్తుంది. దూరం పద్దెనిమిది మీటర్లు.

"ఆ దక్షిణాదబ్బాయికి అంతా చెప్పాను కదమ్మాయ్. మళ్ళీ ఎందుకు?"

"నాకోసం ఇంకోసారి చెప్పండి."

"విమానం కప్పు మీదుగా పోయింది. అలమరలో పళ్ళాలు గలగలలాడాయి. కాఫీ పొయ్యి మీద పెట్టాను. తలెత్తేసరికి ఆస్మున్ లోపలికి పోతున్నాడు. నాలుగేళ్ళలో మొదటిసారి. ఇదేంట్రా దేవుడా అనుకున్నా. కిటికీ వదల్లేదు. కాఫీ పొంగి పొయ్యి మీద పడింది కూడా. విమానం మళ్ళీ లేచింది, వీడు బయటికొచ్చాడు. మెల్లగా నడుచుకుంటూ పోయాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు. తర్వాత నేను పొయ్యి తుడుచుకోడానికి పోయాను."

"ఆయన వెనకాల తలుపు ఎవరు మూశారు?"

"ఈవారే మూసుంటాడు. చెయ్యి కనిపించింది. లోపలి నుంచి లాగాడు."

"ఆ మాట ఫోస్మోకి చెప్పారా?"

"అడగలేదు. టైమే అడిగాడు. టైము చెప్పాను."

"టైము ఎంతని చెప్పారు?"

"రెండూ ఇరవై నాలుగు."

"గడియారం చూశారా?"

"గడియారం ఎందుకు చూడాలి? విమానం టైము రెండూ ఇరవై నాలుగు. ఈ గడియారం మా ఆయన నాటిది. వారానికి ఒకట్రెండు నిమిషాలు వెనకబడుతుంది. ప్రతి మంగళవారం విమానం రాగానే ముల్లు తిప్పుతాను. రేవులో సగం ఇళ్ళు అంతే."

"ఈ మంగళవారమూ తిప్పారా?"

"తిప్పకుండా ఎలా? కాఫీ పొయ్యి మీద పెట్టకముందే తిప్పాను."

రాగ్ని గోడ వైపు చూసింది. గడియారం 4.12 చూపిస్తోంది. ఫోన్ తీసి చూసింది. 3.58.

"బోర్గిల్డ్, ఇది పద్నాలుగు నిమిషాలు ముందుంది."

"ముందుండదు. అది వెనకబడే గడియారం."

"నిన్నా ఇవాళా విమానం ఎన్నింటికి వచ్చింది?"

"అదే చెప్తున్నా, రెండ్రోజులుగా ఆలస్యం. పావుగంట, పావుగంట. అడిగేవాడు లేక ఇష్టమొచ్చినట్టు తిప్పుతున్నారు."

రాగ్ని కాఫీ పూర్తి చేసింది. గోడ గడియారం పక్కన తన ఫోన్‌ని పట్టుకోమని బోర్గిల్డ్‌కి చెప్పింది. ఫోస్మో ఇచ్చిన కెమెరాతో ఫొటో తీసింది.

*

4.20కి విమానాశ్రయం. రన్‌వే ఎనిమిది వందల మీటర్లు. ఆ వారం అక్కడ టికెట్లు చూసేదీ, సామాను ఎక్కించేదీ, మంచు ఊడ్చేదీ, మంటలార్పే బండి నడిపేదీ మాయ్‌లిస్ ఒక్కతే. పైన గాజు గదిలో రేడియో దగ్గర ఇంకొకరుంటారు.

"మంగళవారం హావ్‌నెస్ విమానం ఎన్నింటికి దిగింది?"

"రెండూ పదికి," అంది మాయ్‌లిస్, చీపురు బండి తాళాలు వెతుక్కుంటూ.

"పద్నాలుగు నిమిషాలు ముందా?"

"హావ్‌నెస్‌లో ఐదుగురే. ఐదుగురూ ఎక్కేశారు. వెనకాల మంచు మబ్బు వస్తోంది. మరి కూర్చుని ఏం చేస్తారు? ఒకటీ యాభై ఎనిమిదికి లేచేశారు. వాళ్ళు నాకు ఫోన్ చేశారు, బయల్దేరాడు, పన్నెండు నిమిషాలుంది, రన్‌వే ఊడ్చుకో అని. ఇక్కడ ఎక్కాల్సినవాళ్ళు ఇద్దరు. ఇళ్ళకి ఫోన్ చేసి పరిగెత్తుకు రమ్మన్నాను. రెండూ పదిహేడుకి లేపేశాం. నీకు తెలీనిదా? ఎప్పుడూ ఇంతే కదా."

"తెలుసు. అడగడం తట్టలేదు."

"కంపెనీ వాళ్ళు ఆలస్యం లేదని చెప్పారే?" అని రాగ్నే మళ్ళీ అడిగింది.

"లేదుగా! వాళ్ళ ఫారంలో ఆలస్యానికే గడి ఉంది. ముందొచ్చినదానికి గడి లేదు."

పై గదిలోని పుస్తకం తెప్పించారు. దిగిన సమయం 2.10. లేచిన సమయం 2.17. రాగ్ని ఆ పేజీ నకలు తీసుకుంది. మాయ్‌లిస్ మంచు ఊడ్చే బండి ఎక్కింది. సాయంత్రం విమానానికి రన్‌వే సిద్ధం చేయాలి.

*

4.45కి పంచాయతీ కార్యాలయంలో రాగ్ని నకలును ఫోస్మో ముందు పెట్టింది. దాని పక్కన గడియారం ఫొటో.

"ముసలావిడ గోడ గడియారం తీసుకుని ప్రాసిక్యూటర్ దగ్గరికి పొమ్మంటావా?"

"గడియారం వద్దు. పుస్తకం తీసుకెళ్ళు."

ఫోస్మో పేజీ చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఆస్మున్ లోపలికెళ్ళింది రెండూ పదికి," అంది రాగ్ని. "బయటికొచ్చింది రెండూ పదిహేడుకి. ఈవార్ టికెట్ కోసం ఫోన్ చేసింది రెండూ పద్దెనిమిదికి. ఆస్మున్ వెళ్ళాక ఒక్క నిమిషానికి. ఆయన చెప్పింది చెప్పినట్టు జరిగింది. టికెట్ తీసిన మనిషి అప్పటికి బతికే ఉన్నాడు."

"మళ్ళీ వెనక్కొచ్చి ఉండొచ్చు."

"రావొచ్చు. చూసినవాళ్ళెవరు?"

"నా సాక్షి రెండూ ఇరవై నాలుగు అని సంతకం పెట్టింది."

"నీ సాక్షి విమానం అని చెప్పింది. రెండూ ఇరవై నాలుగు అని రాసుకున్నది నువ్వు. నువ్వొక్కడివే కాదులే, ఈ ఊళ్ళో ఎవరినడిగినా అదే రాయిస్తారు. నేనైనా అదే రాసుకునేదాన్ని."

ఫోస్మో కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "ఇరవై రెండేళ్ళ సర్వీసులో విమానం ముందు పోవడం నేను చూడలేదు."

"నువ్వు ఎక్కేవి పెద్ద విమానాలు."

4.58కి ప్రాసిక్యూటర్‌కి ఫోస్మోనే ఫోన్ చేశాడు. సంతకం అక్కర్లేదని చెప్పాడు. కారణం అడిగితే, "నేను టైము సరిచూసుకోలేదు," అన్నాడు. తర్వాత కోటు తీసుకున్నాడు.

"ఆస్మున్ కారు ఇంటి దగ్గరుంది. ఇంటికెళ్ళి సంచి తీసుకుని నడిస్తే అందుకోలేడు. నేను దింపుతాను."

ఆస్మున్‌కి సంగతి చెప్పింది రాగ్ని. ఆయన లేచి, చలికోటు బొత్తాలు మూడు వేళ్ళతో పెట్టుకున్నాడు. టైము పట్టింది. ఫోస్మో తలుపు పట్టుకుని ఆగాడు.

"ఈవార్ టికెట్ రద్దు చేశారా?" అని అడిగాడు ఆస్మున్.

"తెలీదు. కనుక్కోమంటారా?"

"వద్దు. తీశాడని కాగితం ఉంటే చాలు. గున్‌వోర్‌కి చూపించాలి. నోటితో చెప్తే నమ్మదు, వాళ్ళన్న సంగతి దానికి తెలుసు."

రాగ్ని టికెట్ కంపెనీ పంపిన వివరం నకలు తీసి ఇచ్చింది. ఆయన దాన్ని మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

5.06కి ఫోస్మో కారు బయలుదేరింది.

*

రాగ్ని వాంగ్మూలాలన్నీ బల్ల మీద పరిచింది. తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదింటిలోనూ సమయాలు విమానాన్ని పట్టుకుని ఉన్నాయి. విమానానికి ముందు, విమానం దిగాక, విమానం లేచాక. 2.24 ఉన్నచోటల్లా 2.10 రాసుకుంటూ వచ్చింది. ఎనిమిది మంది సమయాలు జరిగాయి. ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఇద్దరు విమానంలోనే ఉన్నారు. ఐదుగురు చేపల కర్మాగారంలో ఒకే బల్ల దగ్గర ఉన్నారు. ఎనిమిదో వాంగ్మూలం బోర్గిల్డ్‌ది.

తొమ్మిదోది రైదార్ హౌగ్‌లీది. విమానం దిగడం కంచె దగ్గర నిలబడి చూశాను, మాయ్‌లిస్ చేతినుంచి పెట్టె తీసుకున్నాను, దుకాణం దగ్గర ఆగాను, నేరుగా షెడ్డుకి వెళ్ళాను. 2.24 నుంచి 2.50 అయితే ఇరవై ఆరు నిమిషాలు. 2.10 నుంచి అయితే నలభై. నడక తొమ్మిది నిమిషాలు. దుకాణంలో అతను కొన్నానని చెప్పింది పొగాకు ఒక పొట్లం.

5.19కి విమానాశ్రయానికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. 5.27కి ఎత్తలేదు. 5.34కి ఎత్తలేదు. విమానం వచ్చే ముందు నుంచి తిరిగి లేచేదాకా అక్కడ ఫోన్ ఎత్తే మనిషి ఉండదు. మాయ్‌లిస్ రన్‌వే మీద ఉంటుంది.

5.30కి రైదార్ ఇంటికి ఫోన్ చేసింది. అదీ ఎవరూ ఎత్తలేదు.

5.43కి మాయ్‌లిస్ తనే ఫోన్ చేసింది. ఆయాసపడుతోంది.

"మూడుసార్లు చేశావంట. ఏంటి?"

"మంగళవారం ఈవార్ పెట్టె. రైదార్ నీ దగ్గర ఎప్పుడు తీసుకున్నాడు? విమానం దిగగానేనా?"

"దిగగానే ఎవరొచ్చారు? విమానం పోయాక తాళమేసి కాఫీకి పోయాను. తిరిగొచ్చేసరికి తలుపు దగ్గర నిలబడున్నాడు. పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, చెమటలు. విమానం ఇంకా రాలేదా అని అడిగాడు. పోయి అరగంటైంది నాయనా అన్నాను. ఆగు, రసీదు ఇక్కడే ఉంది." కాగితాలు కదిలిన చప్పుడు. "రెండూ నలభై ఒకటి. కింద సంతకం."

రాగ్ని రాసుకుంది. "రైదార్ ఇప్పుడెక్కడున్నాడో తెలుసా?"

"ఇప్పుడే పోయాడు కదా. ఆస్మున్‌కి తోడు వెళ్తానన్నాడు. ఒక్కడే పోతున్నాడు పాపం, ఆస్పత్రిదాకా తోడుంటా అని ఐదుంపావుకి టికెట్ తీసుకున్నాడు. మీ ఫోస్మో ఆస్మున్ సంచి కూడా మోసి ఇచ్చాడు. మంచోడేలే, ఆ దక్షిణాదబ్బాయి."

"వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారా?"

"మాట్లాడుకోకుండా ఎలా? నిన్నెలా వదిలారు అని రైదార్ అడిగాడు. ఆస్మున్ అంతా చెప్పాడు, విమానం ముందే దిగిందంట, ఈ పిల్ల కనిపెట్టిందంట, అందరి టైములూ మళ్ళీ చూస్తారంట అని. రైదార్‌కి నేను ముందు సీటు ఇచ్చాను. అది విన్నాక, వద్దు, ఆస్మున్ పక్కనే కూర్చుంటానన్నాడు."

బయట కారు ఆగింది. ఫోస్మో మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. రాగ్ని ముఖం చూసి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"మాయ్‌లిస్, పైలట్‌కి మాత్రమే వినిపించేలా రేడియోలో చెప్పగలవా?"

"పై గదివాళ్ళు చెప్పగలరు. ఏం చెప్పమంటావ్?"

విమానం 5.40కి లేచింది. ప్రయాణికులు నలుగురు. మూడో వరసలో కిటికీ పక్కన ఆస్మున్ మిక్కోలా, అతని పక్కన రైదార్ హౌగ్‌లీ. సుల్‌ఫ్యోర్డ్‌కి పోయే దారిలో 5.52కి హావ్‌నెస్‌లో దిగాలి. హావ్‌నెస్‌లో ఆ సాయంత్రం డ్యూటీలో ఉండాల్సిన పోలీసు అధికారి ఒక్కరే. ఆమె పేరు రాగ్ని ఇంగిలె.